నానమ్మ నడక కొలత

పెరట్లో రాతి బండలు పరచడానికి కోల్‌కతాలోనే ఉన్న మెటియాబ్రుజ్ నుంచి వచ్చిన తెలుగు మేస్త్రి టేపు తీయలేదు. "ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిసేదెవలు దాదా?" అని నాన్నను అడిగాడు.

తుంటి విరిగినప్పటి నుంచి గడప దాటని నానమ్మను చూపించాం. ఆమె చేత నాలుగడుగులు వేయించి, తనూ అచ్చం అలాగే ఎడమకాలు ఈడుస్తూ పెరడంతా తిరిగాడు.

"నన్నే ఎక్కిరిస్తన్నావేటి?"

"నేదమ్మా, కొలత తీసుకుంతన్నాను."

మా సాల్ట్ లేక్‌లో ఎవరికీ లేనంత ఎత్తున బండల చుట్టూ గ్రానైట్ అంచు కావాలని నాన్న మూడు రోజులు పోరాడారు. మేస్త్రి ప్రతిసారీ కాలీడ్చి, అంచు తగిలినట్టు తూలి చూపించాడు. నాన్న ఓడిపోయారు. దేశానికేమీ కాలేదు.

అంచు రాళ్లు బండలతో సమంగా కూర్చున్నాయి. నానమ్మ బయటికొచ్చి, అన్నీ దాటి మందారం దాకా వెళ్లి వెనక్కి చూసింది.

"బండలు బాగున్నాయి గానీ, అంచెయ్యడం మరిసిపోనావేటి?"

"మరిసిపోనానమ్మా" అని మేస్త్రి తలవంచుకుని ఒప్పేసుకున్నాడు.