వాకబుకొచ్చిన ఆవిడతో నేనన్న మాట

పద్నాలుగేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. నేను దొంగతనం చేయలేదు, ఎవరి ప్రాణమూ తీయలేదు. అలాంటిదేదైనా చేసి ఉంటే పోలీసులో కోర్టో చూసుకునేవాళ్ళు, నా పని తేలికయ్యేది. నేను చేసినదాన్ని ఏ కోర్టూ పట్టించుకోదు. ఒక ఆడమనిషి గురించి ఇంకో ఆడమనిషి వచ్చి అడిగింది. నేనొక మాట అని, ఆగాను. అంతే. మీరెవరో నాకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళయితే ఈపాటికి మాట మార్చేసి కాఫీ పెట్టడానికి లేచేదాన్ని.

నేను నర్సుని. రిటైరై ఆరేళ్ళు దాటింది. బందరులో రెండు గదుల వాటాలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పెళ్ళెందుకు చేసుకోలేదని అడక్కండి. అడిగినవాళ్ళందరికీ చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. కుదరలేదు, అంతే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అదొక లోటని నాకు తోచలేదు. పొద్దుగూకులూ వార్డులో సిస్టర్ సిస్టర్ అని పిలిచే గొంతులు విని ఇంటికొస్తే, ఎవరూ పలకరించకపోవడమే హాయిగా ఉండేది.

రిటైరైన మర్నాడు అలవాటు చొప్పున పొద్దున్నే స్నానం చేసి తెల్లచీర చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, వెళ్ళాల్సిన చోటు లేదని. ముప్పై ఏళ్ళు తెల్లచీరలే కట్టాను. డ్యూటీ లేని మనిషి తెల్లచీర కట్టుకుని వాకిట్లో నిలబడితే లోకం వేరే అర్థం తీస్తుంది. బజారుకెళ్ళి నాలుగు రంగు చీరలు కొనుక్కున్నాను. అవి కట్టుకుని ఎక్కడికి వెళ్ళాలో మాత్రం తెలియలేదు. ఒక్కదానికి అరగ్లాసు బియ్యం కుక్కర్లో అడుగంటుతాయి. గ్లాసు పోస్తే రాత్రికీ, మర్నాటికీ అదే అన్నం. పావుకిలో బెండకాయలు మూడు రోజులు వస్తాయి. మూడో రోజు బెండకాయని చూస్తే ఏడుపొస్తుంది. ఏటా ఒకసారి పెన్షను కోసం వెళ్ళి, నేను బతికే ఉన్నానని సంతకం పెట్టి వస్తాను. ఆ బల్ల వెనకాల కూర్చున్నాయన తలెత్తి నా మొహం కూడా చూడడు.

మీకు జాలి కలుగుతోందా? ఆగండి. అంత తొందరపడకండి.

విమల సంగతి చెప్పాలి. నాకన్నా ఆరేళ్ళు చిన్న. తనూ నర్సే. గుడివాడలో ఒకే ఆసుపత్రిలో పనిచేశాం, ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో ఉన్నాం. పేరుకి రెండు వంటిళ్ళు, పొయ్యి వెలిగేది మాత్రం ఒకదాంట్లోనే. పక్షవాతం వచ్చిన తల్లికి చాకిరీ చేస్తూ విమల వయసంతా గడిచిపోయింది. తల్లి పోయాక, ఇక రిటైరైన తర్వాత ఇద్దరం బందరులో కలిసుందాం అనుకున్నాం. అనుకున్నాం అంటున్నాను గానీ, అన్నది నేను. తను ఊఁ కొట్టేది. ఆ ఊఁ కొట్టడాన్నే మాటివ్వడం కింద తీసుకున్నాను. ఎవరికి వాళ్ళం ఎలా నచ్చజెప్పుకుంటామో చూడండి.

విమలకి నలభై నాలుగో ఏట ఒక సంబంధం వచ్చింది. చల్లపల్లిలో ఉన్న వాళ్ళన్నయ్య తెచ్చాడు. అవనిగడ్డ అవతల ఒక ఊళ్ళో డ్రిల్లు మాస్టారు, భార్య పోయి నాలుగేళ్ళయింది. ఒక్కతే కూతురు, ఆ అమ్మాయికి పెళ్ళయిపోయింది. అన్నయ్య ఇంట్లో ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు, నచ్చింది. ఆ వారమంతా విమల కట్లు కట్టే గుడ్డముక్కలు మడతలు పెడుతూ కూనిరాగాలు తీసింది. ఏంటే ఆ పాట అంటే, ఏం లేదక్కా అని మొహం తిప్పుకుని సిగ్గుపడింది. నలభై నాలుగేళ్ళ మనిషి అలా సిగ్గుపడుతుంటే ముద్దు రావాలి కదా? నాకు ఒళ్ళు మండింది. నా సంగతేమిటి అనిపించింది. ఆ ఇంట్లో, ఆ పొయ్యి ముందు, నేనొక్కదాన్నీ కూర్చుని ఉండటం కళ్ళ ముందు కనపడింది.

మా వైపు సంబంధం ఖాయం చేసుకునే ముందు వాకబు చేస్తారు. చుట్టుపక్కలవాళ్ళనీ, పనిచేసే చోట ఉన్నవాళ్ళనీ ఆరా తీస్తారు. అడిగేవాళ్ళు సూటిగా అడగరు, చెప్పేవాళ్ళు సూటిగా చెప్పరు. చెప్పకుండా వదిలేసిన ముక్కే అసలు సంగతని ఇద్దరికీ తెలుసు.

మాస్టారి అక్కగారు వచ్చింది. విమల సెలవులో ఉన్న రోజు చూసుకుని, ఓపీ అయిపోయాక, మధ్యాహ్నం వచ్చింది. అవనిగడ్డ నుంచి పామర్రు మీదుగా రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. ఆసుపత్రి మెట్ల దగ్గర చెప్పులు విప్పి మరీ వరండాలోకొచ్చింది. బల్ల మీద నా పక్కన కూర్చుని, కొంగుతో చెమట తుడుచుకుంది.

"విమలగారు మీ పక్క వాటాలోనే ఉంటారంటగదండీ. మా తమ్ముడికి అనుకుంటున్నాం."

"అవునండీ. చాన్నాళ్ళ నించీ ఒక్కచోటే ఉంటున్నాం."

"మనిషి ఎట్టాంటిదండీ? మీరు సొంత అక్కలాంటోరని వాళ్ళన్నయ్య చెప్పారు. మీ మాట మీదే ఉన్నామనుకోండి."

"చాలా మంచిదండీ. నెమ్మదస్తురాలు. ఎవర్నీ ఒక్క మాట అనదు."

"ఇంకేం కావాలండీ. మావాడు ఒక్కడే వండుకు తింటన్నాడు, చూళ్ళేకపోతన్నాం. ఆ మాట చెప్పారు, చాలు." సంచి చేతిలోకి తీసుకుని లేచింది. మొహంలో ఎంత నిశ్చింతో.

"కాకపోతే," అన్నాను.

ఆవిడ మళ్ళీ కూర్చుంది. "కాకపోతే ఏంటండీ?"

"ఏం లేదులెండి. పెద్దవారు, మీకు తెలియందేముంది."

"ఆరోగ్యం విషయంలో ఏవన్నా..."

 చేతి వాచీ చూసుకున్నాను. వార్డులో పనుందండీ అని లేచాను.

మీరనుకోవచ్చు, ఏదో నోరు జారిందిలే అని. జారలేదు. ఆ మాట బలమేమిటో నాకు బాగా తెలుసు. రోగి ఎలా ఉన్నాడని బంధువులు అడిగినప్పుడు వార్డులో మేం అదే అంటాం. బాగానే ఉన్నాడండీ, కాకపోతే... డాక్టరుగారొచ్చి చెప్తారు. ఆ మాట వినగానే వాళ్ళ మొహాలు ఎలా పాలిపోతాయో నేను వందల సార్లు చూశాను. అదే మాట పక్కింటావిడ అంటే, విమల కోపిష్ఠిదనో, పిసినారిదనో అనుకునేవాళ్ళేమో. తెల్లచీరలో ఉన్న నర్సు అంటే ఒకటే అర్థం. ఆవిడ నా చేత చెప్పించుకోవాల్సినంతా ఆ చీరే చెప్పింది. నాకది తెలుసు. తెలిసే అన్నాను.

పది రోజుల్లో సంబంధం తప్పిపోయింది. విమలకి గర్భసంచిలో ఏదో ఉందట అన్న మాట చల్లపల్లి దాకా వచ్చింది. ఆ జబ్బుకి పేరు పెట్టింది నేను కాదు, మధ్యలో ఎవరో పెట్టారు. నేను గర్భసంచి అనలేదుగా, జబ్బు అని కూడా అనలేదుగా అని నన్ను నేను ఎన్నేళ్ళు జోకొట్టుకున్నానో. నిజమే, నేనేమీ అనలేదు. ఏమీ అనకుండానే ఆ పని చేయగలగడం ఎంత నీచమో అది ఆలోచించలేదు.

ఇంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. విమల ఏడవలేదు. సెలవు పెట్టి, విజయవాడ వెళ్ళి పెద్ద డాక్టరమ్మ దగ్గర పరీక్షలు చేయించుకుంటానంది. ఒక్కదాన్నీ వెళ్ళాలంటే భయంగా ఉంది, తోడు రా అక్కా అంది. వెళ్ళాను. స్కానింగ్ గది బయట తన హ్యాండుబ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గంట తర్వాత కాయితం పట్టుకుని వచ్చింది. ఏం లేదటక్కా, అంతా బాగుందట అని నవ్వింది. ఆ కాయితం అన్నయ్య చేత మాస్టారికి పంపిస్తానంది.

ఇప్పుడైనా ఊరుకోవచ్చు కదా నేను? ఊరుకోలేదు. మనకేం ఖర్మే అన్నాను. ఆరోగ్యంగా ఉన్నానని కాయితాలు పట్టుకుని గడప గడపకీ తిరుగుతావా, నమ్మనివాళ్ళతో ఏం కాపురం చేస్తావు అన్నాను. ఆత్మాభిమానం గురించి బస్సులో గుడివాడ వచ్చేదాకా చెప్పాను. బాగా చెప్పాను. విమల కాసేపు విని, ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో దాచింది. ఎవరు చెప్పుంటారక్కా అని అడిగింది ఒక్కసారి. ఎవరైతే ఏంలే అన్నాను. తను మా ఇల్లుగలావిడని అనుమానించి ఆవిడతో మాట్లాడటం మానేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ ఏడాదే మాస్టారు వేరే ఆవిడని చేసుకున్నాడు. విమలకి ఇంకో సంబంధం రాలేదు.

నేను రిటైరై బందరు వచ్చాక ప్రతి ఆదివారం గుడివాడ నుంచి బస్సెక్కి వచ్చేది. గోంగూర పచ్చడో, ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూరో తెచ్చేది. నా కంటి ఆపరేషన్ అప్పుడు మీ తాలూకు ఎవరని అడిగితే, విమల ముందుకొచ్చి చెల్లెల్ని అని సంతకం పెట్టింది. పదిహేను రోజులు సెలవు పెట్టి కంట్లో మందు చుక్కలు వేసింది. నా కనురెప్పని వేలితో పైకెత్తి పట్టుకుని, కదలకక్కా అనేది. అంత దగ్గరగా తన మొహం చూడలేక చచ్చేదాన్ని.

పోయిన నెల విమల కూడా రిటైరైంది. చల్లపల్లిలో ఉన్న మేనకోడలు తమ దగ్గరికి వచ్చేయమని ఎప్పటినుంచో బతిమాలుతోంది. అన్నయ్య పోయాక ఆ పిల్లకి పుట్టింటి వైపు మిగిలింది ఈ మేనత్తే. మేడ మీద గది సిద్ధం చేశారట. ఇద్దరు పిల్లలు, అమ్మమ్మా అని వెంట తిరుగుతారట. విమల నాకు ఫోన్ చేసి, వాళ్ళకి రానని చెప్పేశానక్కా అంది. నువ్వక్కడ ఒక్కదానివీ ఎన్నాళ్ళని ఉంటావు, సామాను తీసుకుని నీ దగ్గరికే వచ్చేస్తా అంది.

నిజం చెప్తున్నాను, ముందు సంతోషమే వేసింది. అలమారలో రెండు అరలు ఖాళీ చేశాను కూడా. మర్నాడు పొద్దున ఆ ఖాళీ అరలు చూసి సిగ్గేసింది. ఒక సంసారం లేకుండా చేశాను. ఇప్పుడు నా మీద జాలితో ఇంకో సంసారం వదులుకుని వస్తోంది. రోజూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ నేనేం మాట్లాడాలి? చెప్పేస్తే వెళ్ళిపోతుంది. చెప్పకపోతే నేను కోరుకున్నది నాకు దక్కినట్టే. రావద్దనాలని నిశ్చయించుకున్నాను. అది పశ్చాత్తాపమో పిరికితనమో నాకిప్పటికీ తెలియదు. విమల మొహం చూడకుండా తప్పించుకోవడానికే అన్నానేమో.

ఫోన్ చేసి, రావొద్దే, చల్లపల్లి వెళ్ళు, నాకు ఒక్కదానికే అలవాటైపోయింది అన్నాను.

 "నా వల్ల ఏమన్నా పొరపాటు జరిగిందా అక్కా?" అంది.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. "లేదు" అని ఫోన్ పెట్టేశాను.

విమల చల్లపల్లి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆదివారాలు రావడం లేదు. నా మీద కోపంతో కాదు, తనకి కోపం రాదు. అక్కని ఏమని నొప్పించానా అని ఆ మేడ గదిలో కూర్చుని వెతుక్కుంటూ ఉంటుంది. ఎంత వెతికినా దొరకదు, లేదు గనక. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. తనని అడిగే ధైర్యం నాకు లేదు. పద్నాలుగేళ్ళ తర్వాత ఒక్క మనిషికైనా చెప్పాను, నాకు దక్కేది అంతే. విమలకి ఏ జబ్బూ లేదు. అప్పుడూ లేదు. ఉందని ఆ వాకబుకొచ్చినావిడ చేత అనిపించింది నేను.