సౌనాలో పద్నాలుగు బొమ్మల పెట్టెలు

హిల్కా కొస్కెలకు డెబ్బై ఒకటో ఏట తుంటి ఎముక మార్చారు. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు మూడు నెలలు మెట్లు దిగొద్దన్నాడు, సౌనా అనే ఆవిరి గది ఊసే ఎత్తొద్దన్నాడు. మొదటి మాట ఆమె చెవిన వేసుకుంది. రెండో మాట విని, ఈ పిల్లవాడు ఎక్కడ చదివాడని నర్సును అడిగింది. థండర్ బే పట్టణంలో ఫిన్లాండు వాళ్ళింట పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచి శనివారం శనివారం ఆవిరిలో కూర్చున్న మనిషి ఆమె. అన్నం మానేయమన్నా అంత కోపం వచ్చేది కాదు.

ఆ సౌనా ఇంటి కింద బేస్‌మెంటులో ఉంది. ఆమె భర్త ఆర్వో దేవదారు చెక్కతో సొంతంగా కట్టిన చిన్న గది. మెట్లలాగా రెండు వరసల బల్లలు, మూలన కరెంటు పొయ్యి, పొయ్యి నిండా రాళ్ళు. కాలిన రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోస్తే గది గుప్పున ఆవిరెక్కుతుంది. ఆర్వో పోయి తొమ్మిదేళ్ళయింది. అయినా శనివారం నాలుగు గంటలకు హిల్కా ఆ పై బల్ల మీద ఉండాల్సిందే. బయట మంచు తుపానైనా, చుట్టాలొచ్చినా, ఎవరి పెళ్ళయినా సరే.

ఆమె ముప్పై ఒక్క సంవత్సరాలు ఆసుపత్రి సామాన్ల గదిలో పనిచేసింది. సూదులు, గాజుగుడ్డ, చేతి తొడుగులు, ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేది. చెప్పడమే కాదు, ఎవరైనా తీసినదాన్ని ఒక అర పక్కకు పెడితే ఆ వార్డు నర్సమ్మ పని అయిపోయినట్టే. ఉద్యోగం మానేసిన రోజున అందరూ చప్పట్లు కొట్టి, కేకు కోసి, ఆమె అటు వెళ్ళగానే ఊపిరి పీల్చుకున్నారు. ఆ సంగతి హిల్కాకు తెలియదు. తెలిసినా మార్చుకునే రకం కాదు.

తుంటి ఆపరేషనుకని కొడుకు రైమో, కోడలు షానన్ ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఈ ఇంటికి వచ్చేశారు. ముసలామెను చూసుకోవాలి కదా అన్నది షానన్ మాటే. ఆ మాట రైమో అన్నాడని హిల్కా ఇప్పటికీ నమ్ముతుంది. షానన్ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనులో పని చేస్తుంది. రోజంతా నొప్పులవాళ్ళతో నవ్వుతూ మాట్లాడి వచ్చే మనిషికి ఇంట్లో నవ్వు మిగలదు. అదొక్కటే అయితే సర్దుకుపోవచ్చు.

వచ్చిన మొదటి వారమే షానన్ ఉప్పు డబ్బా పొయ్యి పక్కన పెట్టింది. తెల్లారేసరికి అది పై అలమరలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ కిందికి దింపింది. మళ్ళీ ఎక్కింది. చెంచాలు, తువ్వాళ్ళు, గుమ్మంలో బూట్లు, అన్నిటిదీ అదే దారి. చేతికర్ర పట్టుకుని నడవలేక నడుస్తూ కూడా హిల్కా ఆ పని మాత్రం మానలేదు. హాల్లో బొమ్మ కనబడకూడదని ఒక చట్టం కూడా చేసింది. ఆ బొమ్మలు తొక్కి తను మళ్ళీ పడితే రెండో తుంటి ఎవడిస్తాడని అడిగింది.

హాల్లో వద్దంటే, మరి పిల్లల బొమ్మలు ఎక్కడ పెట్టాలి? ఆ జవాబు హిల్కా మార్చి మొదటి మంగళవారం తెలుసుకుంది. డాక్టరు ఇక మెట్లు దిగవచ్చన్న రోజది. కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, సౌనా తలుపు తీసింది.

బల్లల మీద, పై వరసలో ఏడు, కింద వరసలో ఏడు, పద్నాలుగు ప్లాస్టిక్ పెట్టెలు. ఒక్కో పెట్టె మీద ఒక్కో ఫొటో అతికించి ఉంది. డైనోసార్ల పెట్టెకు డైనోసార్, రైలు పెట్టెకు రైలు. మూడేళ్ళ రోవన్‌కు చదవడం రాదు కాబట్టి బొమ్మ చూసి తీసి, ఆడుకుని, బొమ్మ చూసి మళ్ళీ అందులోనే పెట్టేస్తాడు. పై వరస పెట్టెలకు ఈ నెల సెలవు. వచ్చే నెల అవి కిందికి వస్తాయి, ఇవి పైకి వెళతాయి. కరెంటు పొయ్యికి ఫ్యూజు తీసేసి ఉంది. ఆసుపత్రిలో ఎవరైనా ఇంత పద్ధతిగా సర్ది ఉంటే హిల్కా మెచ్చుకునేది. ఇక్కడ ఆమె ఒళ్ళు మండింది.

షానన్ పని నుంచి వచ్చి కోటు విప్పకముందే హిల్కా ఆమెను బేస్‌మెంటుకు పిలిచింది.

"ఏంటిది?" అంది హిల్కా.

"బొమ్మల గది. డిసెంబరు నుంచీ అలాగే ఉంది."

"అది సౌనా."

"ఎవరూ వాడట్లేదు కదా."

"వాడే మనిషి పైన మంచం మీద ఉంది. చావలేదు."

"మీరు చచ్చారని ఎవరన్నారు, హిల్కా? గది ఖాళీగా ఉందన్నాను."

"చర్చి కూడా ఆరు రోజులు ఖాళీగానే ఉంటుంది. పోయి అక్కడ పెట్టుకో నీ రైలు బండ్లు."

రైమో ఆ సమయానికి పైన వంటింట్లో కాఫీ పోసుకుంటున్నాడు. ఆ కప్పులో ఏదో పడినట్టు దానిలోకే చూస్తూ నిలబడ్డాడు. అతడు ఎప్పుడూ అంతే. తల్లీ పెళ్ళామూ మాటలు విసురుకుంటుంటే గోడకు ఆనుకుని గోడలో కలిసిపోతాడు.

"సరే," అంది షానన్. "హాల్లో వద్దన్నది మీరు. పిల్లల గదిలో రెండు మంచాలు పట్టాక కాలు పెట్టే చోటు లేదు. ఇంకెక్కడ పెట్టాలో మీరే చెప్పండి. శనివారం లోపు పద్నాలుగు పెట్టెలకీ చోటు చూపిస్తే మీ సౌనా మీకు వదిలేస్తా. చూపించలేకపోతే దాని మాట మళ్ళీ ఎత్తకండి."

"ముప్పై ఒక్క ఏళ్ళు నాలుగు అంతస్తుల ఆసుపత్రికి సామాను సర్దాను. పద్నాలుగు డబ్బాలకు నాకు శనివారం దాకా ఎందుకు?"

"అయితే శుక్రవారానికే చూపించండి."

హిల్కాకు ఇంతకంటే ఇష్టమైన పని లోకంలో లేదు. బుధవారం పొద్దున్నే షానన్ గడప దాటగానే, ఏలకుల రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, కొలిచే టేపు తీసుకుని ఇల్లంతా తిరిగింది. ముందు రైమోతో పెట్టెలన్నీ పైకి మోయించి, వాటి మీది ఫొటోలన్నీ గోటితో పీకేసింది. వాటి స్థానంలో నల్ల స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో పేరు రాసింది, ముందు ఒకటి, మూత మీద ఒకటి. ఫొటోలు అతికించడం చిన్నపిల్లల చేష్ట అని ఆమె అభిప్రాయం. ఆ పెట్టెలు వాడేది చిన్నపిల్లలే అన్న సంగతి ఆమెకు తట్టలేదు.

డైనోసార్లు వంట సామాన్ల అర కింద దూరాయి. అక్కడున్న షానన్ ఓట్స్ డబ్బాలు పై అరకు, షానన్‌కు అందని ఎత్తుకు వెళ్ళాయి. పజిళ్ళు, పిల్లల పుస్తకాలు తువ్వాళ్ళ బీరువాలోకి వెళ్ళాయి. మెత్తటి బొమ్మలు బట్టలు ఉతికే మెషీను పైకి ఎక్కాయి. వేషాల బట్టలు గుమ్మం పక్కన కోట్ల అలమరలో కూర్చున్నాయి, అందుకని షానన్ కోట్లు నాలుగు బాత్రూము తలుపు వెనక కొక్కేనికి వేలాడాయి. ఏ పెట్టె ఎక్కడుందో వరస నంబర్లు వేసి, ఒక కాగితం మీద రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించింది. శుక్రవారం సాయంత్రానికి పదమూడు పెట్టెలు కుదిరాయి.

ఆ మూడు రోజులూ ఆరేళ్ళ ఎల్సీ స్కూలు నుంచి రాగానే నాన్నమ్మ వెనకే తిరిగింది.

"నాన్నమ్మా, తమ్ముడి జేసీబీ ఏది?"

"తొమ్మిదో నంబరు. లిస్టు చూడు."

"వాడికి లిస్టు రాదు."

"నువ్వు చదివి చెప్పు."

"వాడు ఏడుస్తున్నాడు."

"ఏడిస్తే పెట్టె దొరుకుతుందా?"

మూడు నెలలుగా ఎవరినీ అడక్కుండా తీసి, ఎవరూ చెప్పకుండా సర్దిన పిల్లవాడు, ఇప్పుడు ప్రతి బండికీ ఒకరి చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. షానన్ ఆ మూడు సాయంత్రాలూ చూసింది. అందని ఓట్స్ కోసం కుర్చీ వేసుకుని ఎక్కింది, తడిసిన కోటు తొడుక్కుని పనికి వెళ్ళింది. పందెం కాసింది తనే కాబట్టి పళ్ళు బిగబట్టుకుంది.

శనివారం షానన్‌కు మధ్యాహ్నం దాకా పని. రైమో పిల్లల్ని స్కేటింగుకు తీసుకెళ్ళాడు. ఇంట్లో హిల్కా, పద్నాలుగో పెట్టె మిగిలారు. రైలు పట్టాల పెట్టె. పొడుగ్గా, బరువుగా, ఎక్కడా పట్టకుండా ఆమె పరువు తీయడానికే పుట్టినట్టుంది. ఇంటి మొత్తంలో దానికి సరిపోయే చోటు ఒక్కటే మిగిలింది, కొడుకూ కోడలూ పడుకునే మంచం కింద.

వాళ్ళ గదిలోకి వెళ్ళడానికి ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఇల్లు తనది, గది తనది, మంచం కూడా తనదే. మంచం కింద షానన్ సూట్‌కేసులు రెండున్నాయి. వాటిని కర్రతో లాగి, కాలితో తోసుకుంటూ గుమ్మం దాకా తెచ్చి, వీధి తలుపు పక్కన పెట్టింది. రైమో రాగానే పెరట్లో షెడ్డులోకి పంపించాలని ఆమె ఉద్దేశం. ఆ మంచులో కర్రతో తను వెళ్ళలేదు కదా. రైలు పెట్టెను మంచం కింద తోసి, కాగితంలో పద్నాలుగో గీత నింపి, కిందికి వెళ్ళి ఫ్యూజు పెట్టి సౌనా పొయ్యి వెలిగించింది. అప్పుడు రెండున్నర. మూడు నెలల తరువాత మొదటిసారి ఆమె ఈల వేసింది.

మూడు గంటలకు షానన్ తలుపు తీసింది. తీసినది తీసినట్టే ఆగిపోయింది. కాళ్ళ ముందు ఆమె సూట్‌కేసులు రెండూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి.

"మా గదిలోకి వెళ్ళారా?"

అడగడంలోనే ఉంది అంతా. ఆ గొంతు వినగానే హిల్కా మెడ నిక్కింది. షెడ్డులో పెట్టించడానికి తీశాను అని నాలుగు మాటలంటే సరిపోయేది. ఆ మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. వచ్చినవాటిని ఆమె మింగేసింది. తన ఇంట్లో తను ఎక్కడికి వెళ్ళిందో ఈ పిల్లకు లెక్క చెప్పాలా?

"వెళ్ళాను. పద్నాలుగూ కుదిరాయి. శనివారం లోపు అన్నావు, కుదిర్చాను."

"పెట్టెల సంగతి కాదు. వీటిని గుమ్మంలో ఎందుకు పెట్టారు?"

"చూస్తున్నావుగా."

"నేను అనుకుంటున్నదేనా?"

"అర్థమైనదాన్ని మళ్ళీ నన్నెందుకు అడుగుతావు?"

అన్నాక హిల్కాకే ఆ మాట ఎక్కువైందనిపించింది. కానీ నోటి నుంచి వెళ్ళినదాన్ని వెనక్కి తీసుకోవడం ఆమె జన్మలో ఎరగదు.

షానన్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, హిల్కాకు అరుపులకు జవాబివ్వడం వచ్చు. ఆమె తడి బూట్లు కూడా విప్పకుండా వంటింటి మధ్యకు వచ్చి నిలబడింది.

"ఈ ఇంట్లో నేను పెట్టినచోట ఉన్న వస్తువు ఒక్కటి చూపించండి, హిల్కా."

"ఏం మాటలవి?"

"ఒక్కటే. చెంచా అయినా సరే. చూపించండి, నేనిక్కడే ఉంటా."

హిల్కా చుట్టూ చూసింది. ఉప్పు డబ్బా, చెంచాలు, కప్పులు, ఫ్రిజ్ మీద తన చేతిరాత కాగితం. అలమర తలుపు సందులోంచి వేషాల బట్టల పెట్టె కనబడుతోంది. కళ్ళు మూసుకుని ఏది ఎక్కడుందో చెప్పగల మనిషి, కళ్ళు తెరుచుకుని ఒక్క వస్తువునూ చూపించలేకపోయింది.

"ఆ సౌనా ఒక్కటే," అంది షానన్. "అదొక్కటే నా చేత్తో సర్దుకున్నాను. మీరు దిగలేరు కాబట్టి అన్నాళ్ళుంది. దిగగానే పోయింది. నేను ఇక్కడికి మీ నడుం పట్టుకుని బాత్రూముకు తీసుకెళ్ళడానికొచ్చాను. ఇప్పుడు మీరే నడుస్తున్నారు. ఇక నాకేం పని?"

ఆమె ఫోను తీసి అక్కతో రెండు ముక్కలు మాట్లాడింది. అక్క ఇంట్లో కింద గది ఖాళీగా ఉంది. ఇల్లు దొరికేదాకా అక్కడ. రైమో పిల్లలతో వచ్చేసరికి ఆమె ఫ్రిజ్ మీది కాగితం పీకి చేత్తో పట్టుకుని ఉంది.

"బొమ్మలు ముందు తీసుకెళదాం," అంది భర్తతో. "అవి ఉంటే పిల్లలు ఎక్కడైనా నిద్రపోతారు. మీ అమ్మ అన్నిటికీ పేర్లు రాసి, ఎక్కడున్నాయో కూడా రాసిచ్చారు. వెతుక్కునే పని కూడా లేదు."

రైమో గుమ్మంలో సూట్‌కేసులను చూశాడు, తల్లిని చూశాడు. "అమ్మా?" అన్నాడు.

అదే ఆమెకు దొరికిన చివరి అవకాశం. కొడుకు అడిగాడు, కోడలు వింటోంది, నాలుగు మాటలు చాలు. హిల్కా కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది.

"నన్ను చూస్తావేంట్రా? మీ ఆవిడకు సాయం చెయ్యి," అంది.

పద్నాలుగు పెట్టెలూ ఇంట్లోంచి బయటికి రావడానికి పాతిక నిమిషాలు కూడా పట్టలేదు. ఒకటో నంబరు వంటింట్లో, నాలుగో నంబరు తువ్వాళ్ళ బీరువాలో, పద్నాలుగో నంబరు మంచం కింద. ఎల్సీ కాగితం చదువుతుంటే తండ్రి మోశాడు. నాన్నమ్మ కూడా వస్తోందా అని ఆ పిల్ల రెండుసార్లు అడిగింది. రైమో ఇంకో పెట్టె ఎత్తుకున్నాడు.

హిల్కా స్వెట్టరు మీదే వీధి అరుగు మీదికొచ్చి నిలబడింది. కింద రాళ్ళు కాలుతున్న వాసన తలుపులోంచి బయటిదాకా వస్తోంది. షానన్ వాకిట్లో ఉన్న రైమో పికప్ ట్రక్కు వెనక ఎక్కి పెట్టెలు అందుకుని పేరుస్తోంది. హిల్కా చూసి చూసి ఉండబట్టలేకపోయింది. ఎంత కోపమైనా తట్టుకోగలదు గాని, తప్పుగా పేర్చిన సామానును మాత్రం ఆమె తట్టుకోలేదు.

"పుస్తకాల పెట్టె అడుగున పెట్టు!" అని అరిచింది. "బరువైనవి కింద, తేలికవి పైన. లేకపోతే మలుపులో పడతాయి."

షానన్ ఆ మాట వింది. పుస్తకాల పెట్టెను రెండు చేతులతో ఎత్తి, అన్నిటికంటే పైన, మెత్తటి బొమ్మల పెట్టె మీద పెట్టి, తాడు బిగించి కట్టింది.