లచ్చవ్వ చెప్పని మాట

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. ఇవాళ మీకు చెబుతున్నాను. మీకే ఎందుకు? మీరు నా ఎదుట లేరు కనుక కాబోలు.

నేను ఆర్థికశాస్త్రం బోధిస్తాను. అమ్మేవాళ్లు లోపాయికారీగా కూడబలుక్కుని ధర పెంచితే ఆ కట్టును ఎలా విడగొట్టాలన్నది నా పరిశోధన. మనుషులతో ఆటలు ఆడించి పరీక్షిస్తాం. ఆడేవాళ్లతో అబద్ధమాడకూడదు, అది మా వృత్తికి ప్రాణం. ఇప్పటికీ విద్యార్థులకు మొదటి పాఠం అదే చెబుతాను, సిగ్గు లేకుండా.

శామీర్‌పేటలో చేపలమ్మే ఐదుగురు ఆడవాళ్లను కమ్యూనిటీ హాల్‌కు పిలిచాను. ఆటలో అందరూ ఒకే ధరకు అమ్మాలని తమలో తాము అనుకున్నారు. ఆ సంగతి నాకు విడిగా బయటపెట్టినవారికి బహుమతి. ఒక్కరూ నోరు విప్పలేదు. అంతకుముందు మేడ్చల్‌లోనూ ఇదే జరిగింది. ఈ పరిశోధన మీద వ్యాసం అచ్చు కాకపోతే నా ఉద్యోగం ఖాయం కాదు. అదొక్కటే కారణమా? ఓడిపోవడం కూడా నాకు చేతకాదు.

వాళ్లలో యాదమ్మ, లచ్చవ్వ తోటికోడళ్లు. యాదమ్మను పక్క గదిలోకి పిలిచాను. మీలో ఒకరు చెప్పేశారన్నాను.

ఆమె నవ్వింది. "గట్లెవరు చెప్తరు సారూ? మా యారాలు లచ్చవ్వ చెప్పిందా ఏంది?"

నేను తల ఊపాను.

ఆమె నవ్వు ఆగింది. కొంగు సర్దుకుంది. "అయితే నేను గూడ చెప్త. రాసుకోండ్రి."

రాసుకున్నాను. మిగతా గుంపుల దగ్గరా అదే ఎత్తు వేశాను. వ్యాసం అచ్చయింది, నేను ప్రొఫెసర్‌నయ్యాను. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకునే ఆ తోటికోడళ్లు ఏమయ్యారో అడగలేదు. అడిగే ధైర్యం లేకపోవడాన్ని పని ఒత్తిడి అనుకున్నాను.

పోయిన నెల శామీర్‌పేట చెరువు దారిలో చేపల కోసం ఆగాను. అమ్మేవాళ్ల వరుసలో యాదమ్మ ఒక చివర, లచ్చవ్వ ఇంకో చివర కూర్చున్నారు. యాదమ్మ నన్ను గుర్తుపట్టింది.

"మీరు చెప్పవట్టి దాని గుణం తెలిసింది సారూ. పిల్లల మీద ఒట్టేసింది, నేను నమ్మలే. సదువుకున్నోళ్లు అబద్ధమెందుకాడుతరు?"

చేప కోసి, కొసరుగా ఇంకో ముక్క వేసింది. తీసుకున్నాను. దారిలో కారాపి చాలాసేపు ఏడ్చాను కానీ వెనక్కి తిప్పలేదు.

లచ్చవ్వ చెప్పలేదు. ఆ రోజు ఎవరూ చెప్పలేదు. అబద్ధం నాది. ఇది యాదమ్మకు చెప్పాల్సిన మాట అని తెలుసు, అయినా మీకు చెబుతున్నాను. చెప్పాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.