మడత చెవి కోడె

నాయన పోయాక నాకు మిగిలినవి మూడు పుంగనూరు ఆవులు, ఒక కోడె, ఒక వేపకర్ర. ఆ కర్రతో ఆయన దూడల ఎత్తు కొలిచి, ఒక్కోదానికి ఒక్కో గంటు పెట్టేవాడు. కోడెకు పుట్టిన మొదటి పెయ్య ఎదకొచ్చేలోపే ఆ కోడెను పొరుగూరికి తోలేసి, అక్కడి కోడెను తెచ్చుకునేవాడు. ఎందుకని అడిగితే, "బిడ్డ మీదికి తండ్రిని తోల్తామా?" అని కసిరేవాడు. పశువులకు వావివరసలేమిటని నేను నవ్వేదాన్ని.

ఈ చివరి కోడెను మాత్రం నేను తోలలేదు. నా నడుము దాకా కూడా లేడు, తోలడానికి మనసెక్కడ వస్తుంది? తోక నేలను తాకేది. ఎడమ చెవి కొసన చిన్న మడత, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు. తిరుమలకు పోయే కార్లు దారి మళ్ళి మా కొట్టం ముందు ఆగేవి. జనం వాడిని పిల్లాడిలా వాటేసుకుని ఫొటోలు దిగేవాళ్ళు. అందరికీ ఒకటే కోరిక, ఇంకా పొట్టిది కావాలి. దాంతో వాడి కూతుళ్ళ మీదికీ వాడినే వదిలాను. ఈత ఈతకూ కర్ర మీద గంటు కిందికి దిగుతుంటే మురిసిపోయాను. వాడి కోడెదూడలను అడిగిన ఊరికల్లా ఇచ్చాను. అదొక గొప్ప నాకు.

మొదట ఒక దూడ పుట్టి లేచి నిలబడలేదు, మూడో రోజు పోయింది. దిష్టి తగిలిందనుకుని కొట్టానికి గుమ్మడికాయ కట్టాను. తర్వాత పుట్టిన రెండు పెయ్యల్లో ఒకటి నాలుగేళ్ళు నిండినా ఎదకు రాలేదు. పశువుల డాక్టరమ్మ వచ్చి, చెయ్యి పెట్టి చూసి, చేతులు కడుక్కుంటూ అడిగింది.

"దీనికి తండ్రీ తాతా ఒకటేనామ్మా?"

అవునన్నాను.

"అండాశయాలు ఎదగనే లేదు. ఇది జన్మలో చూలు కట్టదు. ఒకే లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ దిగింది. ఒక్కవైపు నుంచే వచ్చుంటే బయటపడేది కాదు. ఆ రెండో పెయ్యకైనా బయటి కోడెను తెచ్చుకోండి. మళ్ళీ వీణ్ణే వదిలితే మీ కొట్టం ఖాళీ అయిపోతాది."

ముసలి ఆవులు అప్పటికే వట్టిపోయాయి. వాటి పెయ్యలను కార్లలో వచ్చినవాళ్ళు ఎప్పుడో తీసుకుపోయారు. నాయన పెంచిన మందలో ఇక ఈనగలిగింది ఆ ఒక్క పెయ్యే.

మర్నాడే బస్సెక్కాను. పలమనేరు దగ్గర ఒక కోడె ఉందంటే పోయి చూశాను. ఎడమ చెవి కొసన మడత. వారం తర్వాత చంద్రగిరి వైపు ఇంకొకటి. అదే చెవి, అదే మడత. కోపం ముంచుకొచ్చింది కానీ తిట్టడానికి నేను తప్ప ఎవరూ కనపడలేదు. ఆఖరుకు పుత్తూరు దగ్గర ఒక రైతు తన కోడెను చూపించాడు. దాని తల అవతలికి తిరిగి ఉంది. దేవుడా, దేవుడా అనుకుంటూ ఎడమ పక్కకు నడిచాను.

"ఏందక్కా, అట్ట నిలబడిపోయినావు?" అంటూ రైతు నవ్వాడు. "గుర్తు పట్టలేదా? మీ కోడె కొడుకే. ఈ సుట్టుపక్కల యాడ సూసినా వాని బిడ్డలే గదా!"

ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుంది. వీధి మొదట్లోనే అరుపు వినిపించింది. పెయ్య ఎదకొచ్చింది. కొట్టం అవతలి కొసన కోడె, ఆ చెవిని అటే తిప్పి, పలుపు తెంచుకునేలా లాగుతున్నాడు. ఇప్పుడు ఆపినా మూడు వారాలకు అది మళ్ళీ ఎదకొచ్చి అరుస్తుంది. అప్పటికి ఏ ఊరికి పోవాలో నాకు తోచలేదు. వాడి పలుపుకు ఇంకో ముడి వేసి, వాడికీ వాడి కూతురికీ మధ్య నేల మీద కూర్చున్నాను.