కిటికీలోంచి అందుకున్న పిల్లాడు

వేసవి సెలవులు వచ్చాయంటే మా ఆయనకి పిల్లలకి ఊరంతా చూపించెయ్యాలన్న పూనకం వచ్చేది. పోర్టులో క్రేను మీద పని ఆయనది. వారమంతా ఎండలో ఇనుప గదిలో కూర్చుని మాడిన మనిషి, సెలవు రోజున చాప పరుచుకుని పడుకోవచ్చు కదా, పడుకోరు. ఒక వేసవిలో స్టీలు ప్లాంటు చూపిస్తానని అందరినీ బస్సెక్కించారు. అప్పటికి అక్కడ ప్లాంటూ లేదు, గీంటూ లేదు. ఖాళీ నేలా, శంకుస్థాపన రాయీ ఉన్నాయి. ఆ రాయి చుట్టూ పిల్లల్ని తిప్పి, "రేపొద్దున్న ఇక్కడ పొగ్గొట్టాలొత్తాయి, సూడండి" అన్నారు. మా అమ్మాయి పాపం నిజమనుకుని చాలాసేపు ఆకాశం కేసి చూసింది. తెచ్చుకున్న పులిహోర ఆ ఎండలోనే తిని వచ్చేశాం.

ఇలాంటి ప్రయాణాలకి నేను సణుక్కుంటూ బయలుదేరేదాన్ని. సింహాచలం ప్రయాణం ఒక్కటే నేను కోరి పెట్టుకున్నది. అంతకు ముందు ఏడాది మా అబ్బాయికి జ్వరం వచ్చి కళ్ళు తేలేస్తే, "అప్పన్నా, ఈణ్ణి నాకు ఒగ్గీ, ఈడి జుత్తు నీకిచ్చుకుంటాను" అని మొక్కుకున్నాను. వాడు బతికాడు. అప్పటినుంచి కత్తెర తగలనివ్వకుండా జుత్తు పెంచాం. ఆముదం రాసి, దువ్వి, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేదాన్ని. రింగులు తిరిగిన ఆ జుత్తు చూడ్డానికి మా పోర్టు క్వార్టర్స్‌లో ఆడవాళ్ళు పనిమాలా వచ్చేవారు. నాకు అదో గర్వం.

మొక్కు తీర్చే రోజున కొత్త బట్టలు ఉండాలి కదా. ఆ రోజుల్లో రేషను డిపోలో చవక ధరకి కంట్రోలు బట్ట ఇచ్చేవారు. ఆ నెల వచ్చినది తెలుపు మీద నీలం చారలది. మా ఆయన పెద్ద ముక్క తెచ్చి, అబ్బాయికి చొక్కా, అమ్మాయికి గౌను, తనకి పొట్టి చేతుల చొక్కా కుట్టించారు. మిగిలినదాంతో నేను ఒక సంచీ కుట్టాను. తండ్రీ పిల్లలూ సంచీ వరసగా నిలబడితే బాగానే ఉంది అనిపించింది. జనంలో తప్పిపోయినా చొక్కా చూసి పట్టుకోవచ్చని ఆయనతో అన్నాను కూడా. ఆ డిపో మా ఒక్కళ్ళదే కాదని, ఆ నెలలో ఊరందరికీ అదే బట్ట ఇచ్చారని నాకు తట్టలేదు.

మే నెల శనివారం. మెట్లెక్కి కొండమీదికి చేరేసరికే పిల్లల మొహాలు కందిపోయాయి. మంగలి ముందు కూర్చోగానే మా అబ్బాయి కొండ అదిరేలా ఏడ్చాడు. నా ఒళ్ళో రింగులు రాలుతుంటే నేనూ ఏడ్చాను. స్నానం చేయించి, గుండుకీ మొహానికీ చల్లగా ఉంటుందని గంధం పట్టించాక, ఆయన వాణ్ణి నా ముందు నిలబెట్టి, "ఎవులే ఈడు?" అని నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఒక్క క్షణం నిజంగానే వీడెవడో అనిపించింది. చెవులు అంత పెద్దవని నాకు అంతవరకూ తెలియదు.

దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, కొండ దిగేసరికి సాయంత్రమైంది. కింద బస్సుల దగ్గర ఇసకవేస్తే రాలనంత జనం. మా వైపు బస్సెక్కడానికి ఒక పద్ధతి ఉంది. ఆడది మోచేతులతో పొడుచుకుంటూ తలుపులోంచి దూరి సీటు పట్టాలి. మగాడు బయట నిలబడి సంచుల్నీ పిల్లల్నీ కిటికీలోంచి అందించాలి. ఆ పనిలో మా ఆయనకి పెద్ద పేరు. క్రేను మనిషి కదా, ఓడలోకి సరుకు దించినట్టు దించుతారు. నేను సీటు పట్టాను. సంచీ వచ్చింది. అమ్మాయి వచ్చింది. అదే కిటికీ కింద ఇంకో నలుగురు తమ పిల్లల్ని ఎత్తుతున్నారు, అరుస్తున్నారు. "గుంటణ్ణి అందుకో!" అన్న ఆయన గొంతు వినిపించింది. చేతులు చాపి అందుకున్నాను. నీలం చారల చొక్కా, గంధం గుండు, ఎండకి సోలిపోయి కళ్ళు మూసుకుపోతున్నాయి. నా భుజం మీద మొహం పెట్టుకోగానే నిద్రపోయాడు. బస్సు కదిలితే ఆయన పరిగెత్తి ఫుట్‌బోర్డు పట్టుకున్నారు.

గోపాలపట్నం దగ్గర బస్సు ఆగిన కుదుపుకి పిల్లాడు లేచాడు. నా మొహం చూశాడు. చూసి, దెయ్యాన్ని చూసినట్టు కేక పెట్టాడు.

"ఏటిరా నాన్నా, నానే కదరా" అన్నాను.

మా అమ్మాయి వంగి చూసి, "అమ్మా, ఈడు తమ్ముడు కాడే" అంది.

"నోర్ముయ్యి, ఎండకి మతి పోనాదేటి నీకు" అని దాన్ని కసిరి, అప్పుడు చూశాను. గంధం చెమటకి కరిగిపోయి కింద మొహం బయటపడింది. అది నా కొడుకు మొహం కాదు.

నేను పెట్టిన కేకకి బస్సంతా లేచి నిలబడింది. వెనక సీటులో ఒక ముసలాయన కండక్టరుతో, "పిల్లల్ని ఎత్తుకుపోయేవోళ్ళు ఇలాగే వత్తన్నారు బావా, సంసారుల్లాగ" అన్నాడు. ఆడవాళ్ళు తమ పిల్లల్ని దగ్గరకి లాక్కున్నారు, నా నుంచి కాపాడుకుంటున్నట్టు. మా ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చి, "జనంలో మావోడే అనుకుని ఈణ్ణి ఎత్తి అందించీసినాను. మావోడిదీ గుండే, ఈడిదీ గుండే బావా. సొక్కా కూడా ఒకటే. ఇదిగో, నాదీ అదే" అని తన చొక్కా పట్టుకుని చూపించారు.

"అయితే నిన్నూ ఎవులైనా ఎత్తుకుపోతారేటి?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. నాకు ఆ బస్సు కింద పడిపోతే బాగుండుననిపించింది.

దిగి, పిల్లలతో నేను వెనక్కి సింహాచలానికి రిక్షా ఎక్కాను. పరాయి పిల్లాడు ఒళ్ళో గింజుకుంటూ, "మాయమ్మా, మాయమ్మా" అని ఏడుస్తున్నాడు. మా అమ్మాయి వాడికి మరమరాలు పెట్టబోతే విసిరికొట్టాడు. ఆయన రిక్షా పక్కన పరిగెడుతున్నారు. నా కొడుకు ఏ బస్సు చక్రాల కింద ఉన్నాడో, ఎవరి చెయ్యి పట్టుకుని ఎటు పోయాడో అని నా ప్రాణం పోతోంది. అప్పన్నకి మళ్ళీ మొక్కుకుందామంటే నోరు రాలేదు. ఇచ్చిన బిడ్డని పారేసుకుని ఏ మొహంతో అడగను?

సింహాచలం చేరేసరికి మైకులో చెబుతున్నారు: చిన్న గుంటడు, గుండు, నీలం చారల చొక్కా. ఆ గుర్తులు అక్కడున్న సగం మంది పిల్లలకి సరిపోతాయి. మా బస్సు బయలుదేరిన చోటే ఒకామె నిలబడి ఉంది. సముద్రపొడ్డున వేటకెళ్ళే వాళ్ళ ఇంటి మనిషని కట్టూ బొట్టూ చూస్తే తెలుస్తోంది. నా కొడుకు ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాడు. ఏడుపు ఆగిపోయి ఎక్కిళ్ళు పడుతున్నాడు.

"ఓలమ్మా, నా నాయనే!" అని ఆమె రిక్షాలోంచి తన పిల్లాణ్ణి లాక్కుంది. వీపు మీద ఒక్కటి చరిచింది, వెంటనే గుండెకి హత్తుకుంది. తరవాత నా వైపు తిరిగింది.

"పాలిచ్చిన దానివి కదమ్మా, ఎత్తుకుంటే తెలీదేటి నీకు? బరువైనా తెలీదా? నాను ఈణ్ణి సూడగానే అనీసినాను, మావోడు కాడని. తీసుకెల్లినోలే తిరిగొత్తారని ఇక్కణ్ణుంచి కదల్లేదు. మా మావ మైకు కాడికెల్లినాడు. మీరు రాకపోతే నానేటైపోదును?"

మా ఆయన చేతులు జోడించారు. నేను అదీ చెయ్యలేకపోయాను. బరువు నాకూ తెలియాలి. నాలుగేళ్ళుగా మోస్తున్న బరువు.

మా వాడు నేను చేతులు చాపితే రాలేదు. ఆమె కొంగు వదిలి, వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాడు. తరవాతి బస్సులో ఆయన ఒళ్ళో కూర్చున్నాడు. సీటు కోసం ఆ పూట మేమెవరితోనూ పోట్లాడలేదు, దొరికినప్పుడే ఎక్కాం. ఆయన గోపాలపట్నం దాటాక మెల్లగా నవ్వు తెచ్చుకుని, కండక్టరు అన్న మాట అమ్మాయికి మళ్ళీ చెప్పసాగారు. నాకు కోపం వచ్చింది కానీ ఎవరి మీదో తెలియలేదు.

నేను వాడి గుండు మీద చెయ్యి వేశాను. వాడు తల జరిపేసుకున్నాడు.

"ఏటి నాన్నా, అమ్మ మీద కోపమా?"

వాడు నా వైపు చూడకుండా అన్నాడు: "నాను పిలిసినాను. నువ్వు కిటికీలోంచి నన్ను సూసినావు."

లేదు నాన్నా, చూడలేదు అనబోయాను. చూశాను. బస్సు కదులుతున్నప్పుడు కిటికీ కింద గుండుతో ఒక పిల్లాడు నోరంతా తెరిచి ఏడుస్తూ చేతులు పైకెత్తాడు. వాడి కళ్ళలోకి తిన్నగా చూశాను. చూసి, భుజం మీద నిద్రపోతున్న వాణ్ణి ఇంకాస్త దగ్గరకి తీసుకుని, పక్క సీటావిడతో, "ఎవులి గుంటడో పాపం, ఆళ్ళమ్మకి ఒళ్ళు తెలీదేటి" అన్నాను.

గట్టిగానే అన్నాను. కిటికీ తెరిచే ఉంది. ఆ మాట వాడికి వినిపించిందా అని అడిగే ధైర్యం నాకు ఇంతవరకూ రాలేదు.