అత్త కొన్న మూడు తీగల సెట్టు

మా అత్త పోయిందన్న కబురు బావ ఫోన్లో చెప్పాడు. నేను ఆఫీసులో ఉన్నాను. "అమ్మ పోయిందే. పొద్దున్న లేపితే లెగలేదు" అన్నాడు. నేనింకా కుర్చీలోంచి లేవనే లేదు, ఊపిరి తిప్పుకోకుండా, "ఆ స్పీకర్లు ఎలా కలపాలో కొంచెం సెప్పు. జనం వస్తన్నారు, పాటలెయ్యాల" అన్నాడు.

ఆ రెండో మాట నాకింకా మింగుడు పడలేదు. తల్లి పోయిన మనిషి, బెంగలో ఏదో అన్నాడులే అని సర్దుకుందామనుకుంటాను, సర్దుకోలేకపోతున్నాను. ఆ స్పీకర్లు ఎలా కలపాలో ఆవిడ బతికుండగా ఒక్కసారి అడిగుంటే ఆవిడే చెప్పేది. కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, వద్దన్నా వదలకుండా చెప్పేది.

మా నాన్నకి అక్క ఆవిడ. ఆమదాలవలస దగ్గర ఒక ఊళ్ళో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైంది. దానికన్నా ముఖ్యంగా, ఆ ఊరి బాప్టిస్టు చర్చిలో క్వయర్ నడిపింది. క్వయర్ అంటే అందరూ ఒకే వరసలో గొంతు కలపడం కాదు. ఒకే పాటని ఆడవాళ్ళు రెండు వరసల్లో, మగవాళ్ళు రెండు వరసల్లో, మొత్తం నాలుగు రకాలుగా పాడాలి. వరికోతలకి పోయొచ్చిన ఆడవాళ్ళ చేత, మిల్లులో బస్తాలు మోసొచ్చిన మగవాళ్ళ చేత ఆవిడ అలా పాడించింది. వాళ్ళు చుట్టూ నిలబడితే తను మధ్యలో నిలబడి చెయ్యి ఊపేది. ఎవరైనా శ్రుతి తప్పితే ఎడమ కనుబొమ్మ లేచేది. ఆ కనుబొమ్మంటే మా మావయ్యక్కూడా భయమే.

తర్వాత చర్చికి కీబోర్డు వచ్చింది, డ్రమ్ములొచ్చాయి, మనిషెత్తు బాక్సులొచ్చాయి. సంఘ పెద్ద ఒకాయన ఆవిడతో నవ్వుతూనే అన్నాడట, "అమ్మా, మీ పాటకి కుర్రోలు నిద్దరోతన్నారు. ఇంక మీరు ఇస్రాంతి తీసుకోండి" అని. క్వయర్ బెంచీలు సామాన్ల గదిలోకి వెళ్ళిపోయాయి. ఆవిడ దగ్గర పాట నేర్చుకున్నవాళ్ళు, ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదు. అత్త మాత్రం ఒక్క ఆదివారమూ చర్చి మానలేదు. వెనక వరసలో కూర్చునేది. ఎందుకెళ్తావు అత్తా అంటే, "నా కోపం ఆలమీద గానీ దేవుడి మీదేటి?" అనేది.

నా దగ్గరికి విజయనగరం వచ్చినప్పుడు ఒకసారి సినిమాకి తీసుకెళ్ళాను. వాన సీను వచ్చింది. అత్త చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత కథేమైందో ఆవిడకి తెలీదు, తల తిప్పి గోడలు చూస్తూ కూర్చుంది. బయటికొస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"ఎనక నించి ఒక సప్పుడు, ముందు నించి ఇంకో సప్పుడు పంపొచ్చన్నమాట."

"పంపొచ్చు. సరౌండ్ అంటారు."

"ఇంట్లో కంపూటర్ కైతే?"

"దానికీ ఉంటాయి అత్తా, ఎందుకు?"

"నా కొయిరుని ఇనాలే. ఒక్కో మూల ఒక్కో గొంతు ఎట్టి, నాను నిలబడ్డ సోట కూకోని, సచ్చేలోగా ఒక్కపాలి ఇనాల."

ఆవిడ జీవితంలో తనకోసం అడిగిన వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

పాడినవాళ్ళలో కొందరు పోయారు, కొందరు పనులకి ఊళ్ళు దాటారు. గొంతుకొకరు చొప్పున మిగిలినవాళ్ళని వెతికి ఇంటికి పిలిచింది. ఒక చెవిలో ఇయర్ ఫోను పెట్టి, వరస వినిపిస్తూ, రికార్డు చెయ్యడానికి ఎదురుగా ఇంకో సెల్ఫోను పెట్టి, ఒక్కొక్కరి చేత విడివిడిగా పాడించింది. అన్నిట్లోకీ కింది గొంతు, అంటే బేస్, పాడే ఆయన్ని మేమందరం బేస్ తాత అనేవాళ్ళం. రైస్ మిల్లులో బస్తాలు మోసే కలాసీగా చేసి ముసలైపోయాడు. ఆయన మొండికేశాడు. "ఈ యంతరానికి నాను పాడనమ్మా. నువ్వు ఎదర నిలబడి సెయ్యూపు, పాడతాను" అన్నాడు. అత్త నిలబడి చెయ్యి ఊపింది. అందరికీ కాగితం చూడకుండా వచ్చిన పాట, ఏటేటా చర్చిలో పాడే కోతల పండగ పాట ఒక్కటే. అదొక్కటే పూర్తయింది. ఆ నాలుగు గొంతుల్నీ నేను కంప్యూటర్లో పక్కపక్కన పేర్చి, ఏ గొంతు ఏ స్పీకర్లోంచి రావాలో విడగొట్టాను. కంప్యూటరంటే బావ లాప్‌టాప్ కొనుక్కుని తల్లి దగ్గర వదిలేసిన పాత డబ్బా.

ఇక స్పీకర్ల వేట. పెన్షన్లో మిగిలినదాంతో కొనాలి. పేరున్న కంపెనీల సెట్లు చూడ్డానికే గానీ కొనడానికి కాదు. శ్రీకాకుళంలో దుకాణాలు తిరిగాం, విజయనగరంలో తిరిగాం. ప్రతి దుకాణంలోనూ కుర్రాడు ఒక సినిమా పాట పెట్టి గది అదిరేలా వాయించేవాడు. అత్త కుర్చీ వద్దని, ఒక్కో బాక్సు దగ్గరికీ వెళ్ళి వంగి చెవి పెట్టేది. ముందు బాక్సు, వెనక బాక్సు, మళ్ళీ ముందు బాక్సు. జనం నవ్వేవారు. నాకూ సిగ్గేసేది.

"బాబూ, ముందు బాక్సు ఏటి సెప్తందో ఎనక బాక్సూ అదే సెప్తంది. మరి అయిదెందుకు?" అని అడిగింది ఒకతన్ని.

"అట్ట మీద ఫైవ్ పాయింట్ వన్ అని రాసుంది కదమ్మా."

"అట్ట మీద ఎవుడైనా రాస్తాడు. ఎనక తిప్పు."

అప్పటికే నా చేత అంతా చదివించి విషయం పట్టేసింది. కంప్యూటర్ నుంచి వూఫర్ డబ్బాకి, అంటే దమ్ దమ్ మనే పెద్ద బాక్సుకి, ఒకే తీగ వెళ్తే అందులో కుడి, ఎడమ రెండే వెళ్తాయి. వెనక బాక్సులకి కూడా అదే తిప్పి పంపుతారు. నిజంగా విడివిడిగా రావాలంటే మూడు తీగలుండాలి: ముందు వాటికొకటి, వెనక వాటికొకటి, నడిమి బాక్సుకీ వూఫర్‌కీ కలిపి ఒకటి. చవక సెట్లలో ఆ మూడు తీగలే ఉండవు. "రేడియో ఉన్నాదంట, రిమోటు ఉన్నాదంట, రంగు దీపాలున్నాయంట. నాకు కావలసిందొక్కటీ లేదంట" అని విసుక్కునేది. "వాట్లు అడక్కే, తీగలడుగు. మన గదెంత, మన సెవులెంత!" అని నాకు బోధించేది. ఇప్పుడు ఎవరైనా కంప్యూటర్‌కి స్పీకర్లు కొంటానంటే నేనూ అదే మాట చెబుతున్నాను.

ఈలోగా బావ ఆన్‌లైన్లో తగ్గింపు అమ్మకాలు చూసి ఒక సెట్టు తెప్పించాడు. వూఫర్ చుట్టూ ఎరుపు, నీలం దీపాలు. దాని పక్కన తల్లిని కూర్చోబెట్టి ఫోటో తీసి, అమ్మకి కానుక అని ఫేస్‌బుక్‌లో పెట్టాడు. చాలామంది మెచ్చుకున్నారు. వెనక ఒకటే తీగ. అత్త పాట పెట్టి విని, నాకు ఫోన్ చేసింది. "నాలుగు మూలలా అందరూ ఉన్నారే. ఎవుల సోట ఆలు లేరు" అంది. వాపసు పంపెయ్యరా అంటే బావకి కోపం వచ్చింది. "పాటే కదమ్మా! వినబడతంది కదా!" అన్నాడు. సంఘ పెద్ద మాటకి అర్థమూ అదే, కన్న కొడుకు అన్న మాటా అదే, పాటే కదా అని. ఆ మాటలో ఆవిడ బతుకంతా కొట్టుకుపోతుందని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

చివరికి మూడు తీగల సెట్టు విజయనగరంలోనే దొరికింది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక ఇంటర్నెట్ సెంటర్లు మూతపడుతున్న రోజులు. ఒకాయన కుర్చీలతో సహా అన్నీ అమ్మేస్తున్నాడు. కుర్రాళ్ళు ఆటలాడుకున్న పాత సెట్టు, ఒక బాక్సుకి ముందు జాలీ లేదు, దుమ్ము గడ్డకట్టి ఉంది. అత్త పమిట చెంగుతో తుడిచి, వెనక్కి తిప్పి, ఆకుపచ్చ, నలుపు, నారింజ రంగు పిన్నులు వేళ్ళతో తడిమి, బేరం కూడా ఆడకుండా కొనేసింది. ప్యాసింజర్లో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాం. వెనక బాక్సుల తీగలు చాలకపోతే ఆమదాలవలసలో మామూలు వైరు కొని అతికించాం. కంప్యూటర్ వెనకున్న మూడు కన్నాలకీ సెట్టింగుల్లో పని మార్చాలని నేను చదివి తెలుసుకుని, మార్చాను. ఈ మాత్రానికి సౌండ్ కార్డు వేరే కొనక్కర్లేకపోయింది. ఏ బాక్సులో ఏ గొంతు వస్తుందో బాక్సు మీద ప్లాస్టరు అతికించి అత్త రాసుకుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టాం. నడిమి బాక్సు పక్కన పెట్టేసి, నాలుగు మూలలా నాలుగు బాక్సులు స్టూళ్ళ మీద, నడుమ ప్లాస్టిక్ కుర్చీలో అత్త. మొదటి మాటకే లేచి నిలబడింది. చెయ్యి లేచింది. ఎడమ మూల బాక్సు వైపు కనుబొమ్మ కూడా లేచింది, ఆ పాడినావిడ రెండో చరణంలో తొందరపడిందట. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత అత్త అరచెయ్యి కిందికి దించింది, గొంతు తగ్గించమని. తగ్గలేదు. మళ్ళీ దించింది. పాట పాడినట్టే పాడుకుపోయింది. అత్త మెల్లగా కూర్చుంది.

"బాగుందే. ఎవుల సోట ఆలున్నారు" అంది. తన చెయ్యి చూసుకుంటూ, "సెయ్యి సూడరు, అదొక్కటే" అంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఒకసారి పెట్టుకునేదట. ఒక్కసారే. బావ భార్యకి అది చాదస్తంగా కనబడేది.

ఆవిడ పోయిన రోజు నేను వెళ్ళేసరికి ఆ బాక్సులన్నీ వీధిలో టెంటు కింద ఒకదాని మీద ఒకటి ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. ఏవో పాటలు గరగరమంటున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరినీ అడక్కుండా పీకి లోపలికి తెచ్చాను. శవపెట్టె హాలు మధ్యలో ఉంది. నాలుగు మూలలా నాలుగూ పెట్టి, ప్లాస్టరు మీద అత్త రాత చూసుకుంటూ కలిపి, ఆవిడ పాట పెట్టాను. ఆవిడ క్వయర్ ఆవిడ చుట్టూ మొదలైంది. గోడ వారగా కూర్చున్న ఆడవాళ్ళలో ఒకప్పుడు క్వయర్లో పాడిన ఇద్దరు తమకి తెలీకుండానే లేచి నిలబడ్డారు. బేస్ తాత కర్ర గుమ్మానికి ఆనించి, పెట్టె పక్కకొచ్చి నిలబడి, తన బాక్సులోంచి వస్తున్న తన గొంతుతో పాటే అందుకున్నాడు.

మొదటి చరణం కాకముందే సంఘ పెద్ద లోపలికొచ్చాడు. "ఇది కోతల పండగ పాట కదా? సావింట్లో ఇదేటి? బయట మన కుర్రోలు బ్యాండుతో వచ్చేసినారు, ఆపండి" అన్నాడు. వద్దన్నాను. ఆవిడ పాడించిన పాటలో మిగిలింది ఇదొక్కటేనని, పూర్తి కానివ్వమని బతిమాలాను. "పాటే కదే, తర్వాతెట్టుకుందాం" అని బావ వంగి ప్లగ్గు లాగేశాడు. ఆ బావే కాసేపటికి మైకు ముందు నిలబడి, సంగీతమే మా అమ్మ ప్రాణం అన్నాడు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు.

కానీ ప్లగ్గు లాగిన ఆ క్షణంలో పాట పూర్తిగా ఆగలేదు. మూడు గొంతులు ఆగిపోయాయి, బేస్ తాత ఆపలేదు. కింది గొంతు ఒక్కటే వింటే అది పాటని ఎవరికీ తెలీదు. ఒకే చోట తిరిగే మూలుగులా ఉంటుంది. ఆయన మాత్రం పైవాళ్ళు పాడాల్సిన చోట ఆగుతూ, అంతసేపూ ఎదురుచూసి, మళ్ళీ తన వంతు అందుకుంటున్నాడు. పాపం ముసలాయన కుమిలిపోతున్నాడనుకుని ఎవరో గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఆయన ఆ నీళ్ళు తాగకుండా గ్లాసు చేత్తో పట్టుకుని, నిలబడి, చివరి చరణం దాకా పాడాడు.