పసుపు కళ్ళం అంచున వదిన

మొన్న ఆర్మూర్‌లో బడిపిల్లల సాఫ్ట్‌బాల్ పోటీలు జరుగుతుంటే, పాత ఆటగత్తెనని నన్నూ పిలిచారు. శాలువా కప్పి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో టీ పెట్టారు. శాలువా కప్పారంటే ఇక ఎవరూ ఆడమని అడగరని అర్థం. పక్కన కూర్చున్న కోచ్ అమ్మాయి మైదానం చివర నిలబడ్డ ఒక పొడుగాటి పిల్లను చూపించి, "మేడం, గీ పిల్లను మొన్నటిదాంక ముంగట ఆడిపిచ్చినం. ఇప్పుడు ఎనక్కి మార్చినం. పనికొస్తదంటరా?" అని అడిగింది. ముప్పై ఏళ్ళు వ్యాయామ టీచరుగా చేసినదాన్ని, ఆ చిన్న ప్రశ్నకు టీ వేడిగా ఉందన్నట్టు ఊదుకుంటూ కూర్చున్నాను. ఇదే ప్రశ్న నన్ను పద్నాలుగో ఏట ఒకరు అడిగారు. అప్పుడు మాత్రం టక్కున చెప్పేశాను.

మా మేనమామ కూతురు నాకంటే రెండేళ్ళు పెద్ద. నాకు వదిన. బడిలో ఒక తరగతి ముందు. ఎనభైల మధ్యలో మా ఆడపిల్లల బడికి ఎక్కడినుంచో సాఫ్ట్‌బాల్ వచ్చిపడింది. అంతదాకా ఖోఖో ఆడే మాకు ఒక కర్ర, ఒక బంతి, జట్టు మొత్తానికి నాలుగంటే నాలుగు తోలు గ్లవ్‌లు ఇచ్చి, ఇది అమెరికా వాళ్ళ బేస్‌బాల్‌కు చెల్లెలని పీటీ సారు పరిచయం చేశాడు. ఆ కర్రను ఇంటికి తెస్తే మామ అటూ ఇటూ తిప్పి చూసి, బట్టలుతకడానికి మరీ సన్నగా, పశువులను తోలడానికి మరీ లావుగా ఉందని తేల్చి పక్కన పెట్టాడు. వదిన షార్ట్‌స్టాప్ ఆడేది. అంటే రెండో బేస్‌కు, మూడో బేస్‌కు నడుమ నిలబడి, నేలమీద దూసుకొచ్చే బంతిని ముందుకు ఉరికి అందుకోవాలి. కోడిపిల్లను పట్టినంత సులువుగా పట్టేది. నాకు ఆ ఆట మీద ఇష్టం పుట్టింది ఆమెను చూసే. ఆమె జడ వేసుకున్నట్టే జడ, ఆమె నిలబడ్డట్టే నిలబడటం. చివరికి ఆమె చోటే నాకు దక్కింది.

నేను తొమ్మిదో తరగతిలో, తను పదిలో ఉన్న ఏడు వదిన ఒక్కసారిగా పొడుగైంది. నేను మాత్రం పొట్టిగానే ఉండిపోయాను. సారు మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసి, "దీని చెయ్యి పొడుగు, ఇసురుడు గట్టిగుంది. ఎనకకు పో బిడ్డా" అని వదినను మైదానం చివరికి పంపాడు. ఆమె చోట నన్ను నిలబెట్టాడు. చూసేవాళ్ళకు అదేం పెద్ద మార్పు కాదు, ఓ నలభై అడుగులు వెనక్కి, అంతే. ఆడేవాళ్ళకు అది వేరే ఊరు. ముందు ఆడేటప్పుడు బంతి నేలమీద వస్తుంది, కాలు ముందుకు పడాలి. వెనక ఆడేటప్పుడు బంతి ఆకాశంలోంచి వస్తుంది, నెత్తి దాటి పోయేదైతే కర్ర చప్పుడు వినగానే వెనక్కి తిరిగి ఉరకాలి. మూడేళ్ళు ముందుకు అలవాటుపడ్డ కాళ్ళను వెనక్కి తిప్పడానికి సారు ఇచ్చిన గడువు ఒక్క నెల. నెల తరువాత జిల్లా జట్టుకు పేర్లు పంపాలి. జట్టులోకి వస్తే ఆటల కోటాలో కాలేజీ సీటు, హాస్టల్. మామ కూడా మాట ఇచ్చాడు, "పేరొస్తె సదువుకో, నేనడ్డం రాను. రాకుంటె ఇంట్ల కూసోని బీడీలు చెయ్యి" అని. కాలేజీ అన్న మాట అనేటప్పుడు వదిన గొంతు తగ్గించేది, గట్టిగా అంటే ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు.

అందుకే బడి వదిలాక రోజూ మామ వాళ్ళ కళ్ళంలో సాధన చేసేవాళ్ళం. నేను కొట్టడం, ఆమె పట్టడం. అవి పసుపు రోజులు. తవ్విన కొమ్ములను పెద్ద కడాయిల్లో ఉడికించి, విడతలు విడతలుగా కళ్ళంలో పరిచేవారు. ఊరికి ఏ దిక్కు నుంచి వచ్చినా ముందు ఆ ఉడుకు వాసన ఎదురొచ్చేది, మట్టీ ఆవిరీ కలిసిన వగరు వాసన. మేం తిన్న అన్నానికీ అదే వాసన, చదివిన పుస్తకాలకూ అదే వాసన. కళ్ళంలో సగం పసుపుకు పోగా మిగిలిన సగంలో మా ఆట. వదిన వీపుకు రెండడుగుల వెనక పసుపు మొదలయ్యేది. ఉడికిన కొమ్ము మెత్తగా ఉంటుంది, కాలు పడితే చితుకుతుంది. అదొక్కటే కాదు. దేవుడి ముందు పెట్టేది, పెళ్ళికూతురి ముఖానికి రాసేది, దాన్ని తొక్కడమేమిటి? మామకు కొట్టే అలవాటు లేదు గానీ, "పసుపు మీద కాలు వెట్టకుర్రి!" అని అరిచాడంటే గేదెలు కూడా ఆగి చూసేవి. వదిన నెత్తి మీదుగా బంతి పోతే పోయినట్టే. ఆమె అంచున ఆగిపోయి, తరువాత చుట్టూ తిరిగి వెళ్ళి, వంగి, చెయ్యి చాచి కొమ్ముల్లోంచి దాన్ని ఏరుకొచ్చేది. తెల్ల బంతి వారానికే పచ్చబడింది. ముందుకొచ్చినవీ పక్కకు పోయినవీ ఒక్కటీ వదలకుండా పట్టేది. మేమిద్దరం సంబరపడ్డాం.

నెల నిండిన రోజున సారు బడి మైదానంలో తనే కర్ర పట్టుకుని వదినకు బంతులు కొట్టాడు. ముందుకు కొట్టినవన్నీ పట్టింది. వెనక్కి కొట్టిన మూడింటికీ రెండడుగులు వేసి ఆగిపోయింది. వెనకాల ఏమీ లేదు, ప్రహరీ దాకా ఖాళీ నేల. అయినా ఆగిపోయింది. సారు నన్ను పక్కకు పిలిచాడు. "ఇంటికాడ నువ్వే కొడ్తున్నవట గద. నిజం చెప్పు, ఎనక్కి ఉరికి బంతిని పడ్తదా?" అన్నాడు. అంత పెద్దాయన నన్ను సలహా అడిగాడన్న గర్వంతో నా మెడ ఒక జానెడు సాగి ఉంటుంది. నెల రోజుల ఆట తలుచుకున్నాను. వెనక్కి పోయి పట్టడం ఒక్కసారి కూడా చూడలేదు. "పట్టది సార్" అన్నాను. అబద్ధం కాదు. ఆయన తలూపి కాగితం మీద ఏదో కొట్టేశాడు. రెండు రోజుల తరువాత జిల్లాకు పోయిన పేర్లలో నాది ఉంది, వదినది లేదు. ఆమె నా బుగ్గ గిల్లి, "మంచిగ ఆడు" అంది. ఆ రోజు నుంచి కళ్ళానికి పోవడం మానేశాం.

మరో పది రోజులకు మామ వాళ్ళ పసుపు ఎండి, బస్తాలకెక్కి, బండ్ల మీద అంగడికి పోయింది. ఆ సాయంత్రం వదిన కర్ర, బంతి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఒక్కటి కొట్టు. పెద్దగ కొట్టు. నేను సూసుకోవాలె" అంది. కళ్ళం ఊడ్చి ఉంది, నేల ఇంకా పచ్చగానే ఉంది. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. కర్ర చప్పుడుకే వదిన వెనక్కి తిరిగింది. నాకు వీపే కనిపించింది, ఎగిరే జడ కనిపించింది. పసుపు ఉండిన చోటంతా దాటి, మక్కచేను గట్టు దాకా ఉరికి, భుజం మీదుగా చెయ్యి చాచి బంతి పట్టేసింది. అంత అందమైన క్యాచ్ ఆ తరువాత నేను ఆడిన ఏ మైదానంలోనూ చూడలేదు. ఆమె అక్కడే నిలబడి తన కాళ్ళ వైపు చూసుకుంది. "ఇన్ని దినాలు పసుపు కాడనే ఆగినయే. బడిల గూడ ఆగినయ్. నాకే తెల్వలే" అని నవ్వింది.

నేను ఏడుపు ఆపుకోలేక సారుతో అన్న మాట చెప్పేశాను. వదిన గ్లవ్‌లోంచి బంతి తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు సూసిందే చెప్పినవ్. సూడనిది యాడికెల్లి చెప్తవే?" అంది. మరునాడు పొద్దున్నే సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన అంతా విని కుర్చీలో కూలబడ్డాడు. "లిస్టు పోయింది బిడ్డా" అన్నాడు. ఆ ఏడే వదిన బీడీల చాట ఒళ్ళో పెట్టుకుంది. మరో రెండేళ్ళకు కమ్మర్‌పల్లికి కోడలై పోయింది. కాలేజీకి నేను పోయాను, ఉద్యోగం నాకొచ్చింది. పండక్కో పెళ్ళికో కలిసినప్పుడల్లా నా ఆట గురించి అడిగి అడిగి చెప్పించుకునేది తప్ప, తన క్యాచ్ మాట ఎన్నడూ ఎత్తలేదు.

వదిన పోయి నాలుగేళ్ళయింది. ఆ క్యాచ్ చూసినవాళ్ళు ఈ లోకంలో ఇప్పుడు నేనొక్కదాన్నే. పసుపు ఎండడానికి పదిహేను రోజులు చాలు. కళ్ళంలో ఆమె వెనక పసుపుంది సార్, అది ఎండేదాకా ఆగండి అని చెప్పడానికైతే ఒక్క నిమిషం సరిపోయేది. ఆ నిమిషం కోసం ఇన్నేళ్ళుగా వెనక్కి ఉరుకుతూనే ఉన్నాను, అది నా నెత్తి మీదుగా ఎప్పుడో దాటిపోయింది.